సమాన శబ్ద ఒప్పందం

మా బాబాయి పాతికేళ్ళుగా మైకు సెట్టు అద్దెకిస్తున్నాడు. ఈ పాతికేళ్ళలో ఆయన చెవిన పడని ఉపన్యాసం లేదు. ఆయన బుర్రకెక్కిన ఉపన్యాసమూ లేదు.

"ఇవాళ వచ్చిన పెద్దమనిషి ఎలా మాట్లాడాడు బాబాయ్?" అని అడిగితే, "పెదాలు మైకుకి ఆనించి మాట్లాడాడురా. గాలంతా అందులోకే ఊదాడు" అంటాడు. "అది కాదు, ఏం మాట్లాడాడు?" అంటే నన్ను జాలిగా చూస్తాడు. చెప్పులు కుట్టేవాణ్ణి పట్టుకుని, ఆ చెప్పులేసుకుని జనం ఎక్కడెక్కడికి వెళ్ళారని అడిగితే ఎలా చూస్తాడో, అలా. ఆయన దృష్టిలో మనుషులు రెండే రకాలు. మైకుకు జానెడు దూరంలో నిలబడేవాళ్ళు, మైకును మింగబోయేవాళ్ళు. రెండో రకం వాళ్ళే ఎక్కువ పైకొస్తారని మాత్రం ఒప్పుకుంటాడు.

యూనివర్సిటీ గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల మూడు కొట్లు. మొదటిది పంక్చర్లు వేసే కొట్టు. మధ్యది బాబాయిది. చివరిది నేను పనిచేసే జిరాక్సు కొట్టు. బాబాయి కొట్టు ఎంత ఇరుకంటే, బాకాలు లోపలుంటే ఆయన బయట ఉండాలి, ఆయన లోపలుంటే బాకాలు బయట ఉండాలి. గోడలకు మేకుల మీద తీగల చుట్టలు, మూలన స్టాండ్లు, బల్ల మీద ఎప్పుడూ పైమూత లేని యాంప్లిఫయరు. దాన్ని ఆయన పెట్టె అంటాడు. శబ్దం పెంచే తగ్గించే గుండ్రటి దాన్ని మర అంటాడు. ఆయన లోకజ్ఞానమంతా ఈ రెండు మాటల్లో ఇమిడిపోతుంది.

నా సంగతి చెప్పుకోవడానికేమీ లేదు. డిగ్రీ మధ్యలో మానేసి, డాక్టరేట్లు చేసేవాళ్ళ పుస్తకాలకు కాపీలు తీస్తుంటాను. మూత కింద కాగితం వెలిగినంతసేపూ చదువుతాను. నా చదువంతా అలా వచ్చిందే. వాళ్ళలో సగం మంది తాము రాసింది తాము చదవలేదని నా గట్టి అనుమానం.

బాబాయి బతుకు ఒక అట్టముక్క మీద నడుస్తోంది. దాని పేరు గేటు పాసు. దాని మీద పాతికేళ్ళ కిందటి ఫొటో, అందులో నిండా జుట్టున్న ఒక కుర్రాడు. అది ఉంటేనే మైకు సెట్టు గేటు లోపలికి వెళుతుంది. ఆటల పోటీలు, సన్మానాలు, సంతాప సభలు, స్నాతకోత్సవం, అన్నీ లోపలే. గేటు బయట మా వీధిలో మైకు పెట్టి చెప్పుకోవలసినంత మాట ఎవరి దగ్గరా లేదు. పాసు పోతే కొట్టు మూసెయ్యాలి. ఏటా దాని మీద ముద్ర కొట్టేది పరిపాలనా భవనంలోని హెడ్డు గుమాస్తా. ఆయన్ని చూసినప్పుడల్లా బాబాయి మెడ దానంతట అదే రెండంగుళాలు కుంగుతుంది.

అలా ఉండగా, ఎక్కడో సముద్రాలకవతల రెండు దేశాలకు యుద్ధం వచ్చింది. వాటి పేర్లు రాయను. రాస్తే ఇది చదివేవాళ్ళు కూడా రెండు జట్లుగా చీలి నా మీద పడతారు. పటంలో ఒకటి పైన ఉంటుంది, ఒకటి కింద ఉంటుంది. అందుకని క్యాంపస్‌లో ఒక జట్టును పైవాళ్ళనీ, రెండో జట్టును కిందివాళ్ళనీ మా వీధిలో పిలిచేవాళ్ళం. యుద్ధం మొదలైన వారానికల్లా పైవాళ్ళు లైబ్రరీ మెట్ల మీదా, కిందివాళ్ళు గడియారం స్తంభం కిందా గుడారాలు వేసుకున్నారు. మధ్యలో పచ్చిక.

పైవాళ్ళ నాయకుణ్ణి పటం అనేవాళ్ళం. చంకలో ఎప్పుడూ చుట్టిన పటం ఉండేది. బస్సులో కూర్చున్నా దాన్ని విప్పి పక్కవాడికి సరిహద్దు చూపించేవాడు. పక్కవాడు తన స్టాపు రాకముందే దిగిపోయేవాడు. కిందివాళ్ళ నాయకుడి పేరు గర్జన. అతను టీ అడిగినా ఎవరికో హెచ్చరిక చేసినట్టుండేది. ఇద్దరి కరపత్రాలూ నేనే కాపీలు తీసేవాణ్ణి. ఒకే మిషను, ఒకే సిరా. హంతకులు ఎవరో చెప్పే పేరాలో దేశం పేరు మారేది, మిగతాదంతా అచ్చు గుద్దినట్టు అదే.

మొదట్లో బాబాయి రెండు జట్లకూ రెండు సెట్లు పెట్టాడు. ఇద్దరూ ఒకేసారి మొదలెట్టారు. పరీక్ష హాల్లో రసాయనశాస్త్రం రాస్తున్న ఒక కుర్రాడు సమీకరణం మధ్యలో 'ఆక్రమణదారులారా వెనక్కి పోండి' అని రాసి పెట్టాడట. హెడ్డు గుమాస్తా బాబాయిని పిలిపించాడు.

"ఏమయ్యా మైకూ, ఇది యూనివర్సిటీయా, సంతా?"

"నాకు తెలీదు సార్, నేను గేటు దాకా చదువుకున్నాను" అన్నాడు బాబాయి. వెటకారం కాదు. ఆయనకు వెటకారం రాదు.

"ఇక నుంచి ఒకటే పెట్టె. ఒకరు మాట్లాడాక ఒకరు. గొడవ జరిగిందని నా చెవిన పడితే పాసు తెచ్చి ఈ బల్ల మీద పెట్టాలి. పైవాళ్ళెవరో కిందివాళ్ళెవరో నాకనవసరం. రిటైరయ్యేదాకా నాకు తలనొప్పి ఉండకూడదు."

అలా పచ్చిక మధ్యలో ఒక బల్ల, బల్ల మీద పెట్టె, పక్కన కర్ర మీద రెండు బాకాలు వచ్చాయి. ఒక బాకా లైబ్రరీ వైపు, ఒకటి గడియారం వైపు. పెట్టెలోంచి రెండు తీగలు, రెండు మైకులు. వంతు ఎవరిదైతే వాళ్ళ మైకుకు బాబాయి మీట వేసేవాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నారు. బాబాయి పని అంతకన్నా కష్టం, కప్పా పామూ రెండూ ఆయన చెయ్యి వైపే చూస్తుండేవి.

రెండు రోజులకే పటం బల్ల దగ్గరికొచ్చాడు.

"బాబాయ్, వాళ్ళ వంతులో శబ్దం ఎక్కువగా ఉంది."

"మరొక్కటే బాబూ. అతని గొంతు పెద్దది."

"గొంతు కాదు. మీ అమ్మాయి వాళ్ళ గుడారంలో కూర్చుంటోంది. మేం చూడట్లేదనుకున్నారా?"

బాబాయి గడియారం స్తంభం వైపు చూశాడు. నిజమే. రెండో వరసలో మా చెల్లి, ఒళ్ళో పుస్తకాలు. ఆయన ఆ గుడారానికి తీగ లాగి, మైకు నిలబెట్టి, పరీక్షించి వచ్చాడు. కూతురు కనబడలేదు. పనిలో ఉన్నప్పుడు ఆయనకు మైకు ముందున్న మనిషి తప్ప వేరే మనుషులు ఆనరు.

మా చెల్లి గురించి చెప్పాలి. బాబాయి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పగలంతా బాకాల కింద కూర్చుని వచ్చిన మనిషికి వంటింట్లో గిన్నె జారిపడినా కుడిచెయ్యి గాల్లో మర కోసం వెతుక్కుంటుంది. అందుకని మా పిన్ని తగువు కూడా గుసగుసగానే పెట్టుకుంటుంది. గుసగుసగా తిట్లు తినడం ఎంత భయంకరమో పడ్డవాళ్ళకే తెలుసు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల గొంతు ఎలా ఉంటుంది? తలుపు అవతల ఎవరో ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టుంటుంది.

ఆ రోజు సాయంత్రం పిన్ని గుసగుసగా విచారణ మొదలుపెట్టింది.

"నీకెందుకే ఆ యుద్ధం? వాళ్ళకి మన వీధి పేరు తెలుసా?"

"క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయిది ఆ కింది దేశమే అమ్మా."

"అయితే ఆ పిల్ల వెళ్ళి కూర్చోవాలి గుడారంలో. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకి ఉంది. చెప్పుకోవడానికి మన భాష సరిగ్గా రాదు."

జవాబు తోచనప్పుడు పిన్ని బాబాయి వైపు తిరుగుతుంది. "మీరేం మాట్లాడరేం?"

"పాసు పోకుండా ఏదైనా చేసుకోమను" అన్నాడు బాబాయి కంచం ముందు కూర్చుంటూ.

శబ్దం గొడవ తేల్చడానికి రెండు జట్లూ క్యాంటీన్‌లో చర్చలకు కూర్చున్నాయి. ఆ రెండు దేశాల మధ్య చర్చలు అప్పటికి మూడుసార్లు విఫలమయ్యాయని పేపర్లో వచ్చింది. మావి విఫలం కాలేదు. చదువుకున్నవాళ్ళు పట్టుబడితే ఎంత పనికిమాలిన విషయం మీదైనా ఒక అంగీకారానికి రాగలరు. దాని పేరు సమాన శబ్ద ఒప్పందం. నేనే కాపీలు తీశాను కాబట్టి చదివాను. మర ఒకే చోట ఉండాలి. ఎవరి వంతులోనూ వెంట్రుక వాసి కదలకూడదు. కదలకుండా దాని మీద లక్క పోసి ముద్ర వేయాలి. ముద్ర తీయక తప్పకపోతే రెండు జట్ల పరిశీలకులూ ఎదుట ఉండాలి. ఉపన్యాసం నడుస్తుండగా కరెంటు తీయడం గొంతు నొక్కడంగా భావించబడును. ఒప్పందం ఉల్లంఘించినవారు రెండు జట్లకూ శత్రువులు.

మర ఎక్కడ ఉండాలో తేల్చడానికి రెండు జట్ల నుంచి గట్టిగా అరవగలిగినవాళ్ళను నిలబెట్టారు. గర్జన అరిచాడు. పైవాళ్ళ తరఫున కబడ్డీ ఆడే కుర్రాడొకడు అరిచాడు. ఆ ఇద్దరికీ సరిపడేలా బాబాయి మర బాగా కిందికి దించాడు. అప్పుడు హెడ్డు గుమాస్తా బీరువాలోంచి తెచ్చిన లక్కను కొవ్వొత్తి మీద కరిగించి, మర చుట్టూ పోశారు. గర్జన దాని మీద పెన్ను మూత నొక్కాడు. పటం ఆవేశంలో బొటనవేలే నొక్కాడు. ఆ యుద్ధంలో మా క్యాంపస్‌లో తగిలిన మొదటి గాయం అదే. అతను వేలికి కట్టు కట్టుకుని వారం రోజులు తిరిగాడు. కొందరు కొత్త విద్యార్థులు గౌరవంగా లేచి నిలబడేవాళ్ళు.

బాబాయి మాత్రం ఆ లక్కను చూసి కుమిలిపోయాడు. "మర అన్నాక తిరగాలిరా. పొద్దున్న గాలి వేరు, సాయంత్రం గాలి వేరు. మనిషి మనిషికీ గొంతు వేరు. దాన్ని తీసుకెళ్ళి గోడకేసిన మేకులా చేశారు."

ఒప్పందం అమలులోకి వచ్చిన మర్నాడే గాలి తిరిగింది. మాట్లాడుతున్నవాడు మైకు పట్టుకుని నేరుగా బాకా కిందికి నడిచాడు. మైకు కూత పెట్టింది. మామూలుగా అయితే బాబాయి చెయ్యి అలా వెళ్ళి ఇలా వచ్చేది, కూత మొదలైందని కూడా జనానికి తెలిసేది కాదు. ఇప్పుడు మర ముట్టుకోవాలంటే రెండు జట్ల పరిశీలకులూ ఉండాలి. ఒకడు బల్ల దగ్గరే ఉన్నాడు. రెండోవాడు క్యాంటీన్‌లో పకోడీ తింటున్నాడు. పిలుద్దామంటే కూతలో పిలుపు వినబడదు. బాబాయి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, దొంగతనం చేయనని ఒట్టు పెట్టుకున్న దొంగలా కూర్చున్నాడు. రెండోవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి పచ్చికలో ఒక్క పిట్ట లేదు, సగం జనం కూడా లేరు.

ఇంకో చిక్కు ఎవరూ ఊహించలేదు. అరిచేవాళ్ళ లెక్కలో మర బిగించారు కాబట్టి, అరవడం రానివాళ్ళు మాట్లాడితే బాకాలోంచి ఏమీ వచ్చేది కాదు. ఒక ముసలి ప్రొఫెసరు గారు యుద్ధాల చరిత్రంతా తవ్విపోశారు. ముందు వరసకు కూడా ఒక్క ముక్క అందలేదు. చివర్లో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. జీవితంలో ఇంత శ్రద్ధగా ఎవరూ తన మాట వినలేదని ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు మా చెల్లి ఇంటికొచ్చి చెప్పింది. "రేపు నేను మాట్లాడుతున్నాను నాన్నా."

బాబాయి చేతిలో ముద్ద ఆగిపోయింది. "నువ్వా? ఎవరికి వినబడతావు?"

"నువ్వు మర పెంచితే వినబడతాను."

"లక్క ఉంది తల్లీ. దాన్ని ముట్టుకుంటే గొడవ. గొడవైతే పాసు. నువ్వే కాస్త గట్టిగా మాట్లాడు."

పిన్ని తలుపులు కిటికీలు మూసి, కూతుర్ని వంటింట్లో నిలబెట్టి శిక్షణ మొదలుపెట్టింది. ఆ ఇంట్లో కేక నేర్పడం అదే మొదటిసారి. నేర్పేది కూడా గుసగుసగానే.

"కడుపులోంచి రావాలే. వీధి చివర పోతున్న ఆటోని పిలిచినట్టు పిలువు."

"ఆటో" అంది చెల్లి.

"ఆ ఆటో పోయింది. ఇంకోదాన్ని పిలువు."

"ఆటో."

"నేనైతే నడిచిపోతాను" అన్నాను. పిన్ని గరిటె చూపించింది. బాబాయి పక్క గదిలో గోడకు ఆనుకుని ప్రతి 'ఆటో'కీ తల అడ్డంగా ఊపాడు. అది మైకు మనిషి తీర్పు. దానికి పై కోర్టు లేదు.

మర్నాడు కిందివాళ్ళ వంతు. గర్జన ముందు మాట్లాడి, బాకాల హోరుతో చెట్ల ఆకులు రాల్చి, "ఇప్పుడు మన సోదరి" అని మైకు అప్పగించాడు. నేను కొట్టు పంక్చరాయనకు అప్పజెప్పి వెళ్ళాను. చెల్లి మైకుకు సరిగ్గా జానెడు దూరంలో నిలబడింది. ఎంతైనా ఎవరి కూతురు. పెదాలు కదిలాయి. బాకాల్లోంచి గాలి వచ్చింది.

"వినబడట్లేదు" అని ఎవరో అన్నారు.

ఆమె ఇంకాస్త ప్రయత్నించింది. మెడ మీద నరం లేచింది. బాకాలో దోమ పాడినంత వచ్చింది. పైవాళ్ళ మెట్ల మీంచి ఒకడు, "మైకాయన కూతురికే మైకు లేదురా" అన్నాడు. నవ్వులు. కిందివాళ్ళలోనూ నవ్వారు. గర్జన అయితే మైకు వెనక్కి తీసుకోవడానికి చెయ్యి చాపాడు. "పర్లేదు చెల్లెమ్మా, నీ భావం మేం చెప్తాం" అన్నాడు. చదువుకున్నవాళ్ళ దయ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. నీ భావం వాళ్ళ దగ్గర ముందే తయారుగా ఉంటుంది, నువ్వు ఫొటోకు నిలబడితే చాలు.

నేను బాబాయిని చూస్తున్నాను. ఆయన చొక్కా జేబులో పాసు అంచు కనబడుతోంది. కుడిచెయ్యి మోకాలి మీద ఉంది, వేళ్ళు వాటంతట అవే తిరుగుతున్నాయి. ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు. చెల్లి మైకు వదల్లేదు, తల మాత్రం దించుకుంది. బాబాయి జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. లక్క అంచు కింద పెట్టి పైకి ఎత్తాడు. పెన్ను మూత ముద్రా, బొటనవేలి ముద్రా రెండూ రెండు పెళ్ళలుగా లేచి గడ్డిలో పడ్డాయి. ఆయన మర తిప్పాడు. ఎవరి కోసమూ అంత నెమ్మదిగా తిప్పడం నేను చూడలేదు.

చెల్లి గొంతు బాకాల్లోంచి వచ్చింది. ఆమె అరవలేదు. వంటింట్లో మాట్లాడినట్టే మాట్లాడింది, కాకపోతే లైబ్రరీ దాకా వినబడింది.

"నా పక్కన కూర్చునే అమ్మాయిది ఆ దేశం. వాళ్ళ అమ్మకి ఫోను కలవడం లేదు. క్లాసులో కూడా ఫోను బల్ల మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చుంటుంది. మన గుడారంవాళ్ళు వెళ్ళి ఆ అమ్మాయిని బ్యానరు పట్టుకోమని అడిగారు. అవతలి గుడారంవాళ్ళు వెళ్ళి మీవాళ్ళదే తప్పని ఒప్పుకోమని అడిగారు. మీ అమ్మ సంగతి తెలిసిందా అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నేను చెప్పాలనుకున్నది..."

అక్కడిదాకా వచ్చింది. అప్పటికి పైవాళ్ళ పరిశీలకుడికి గడ్డిలో లక్క కనబడింది.

"ఉల్లంఘన" అని అరిచాడు. అతనికి మైకు అవసరం లేకపోయింది.

తరవాత జరిగింది చెప్పాలంటే పిట్టలు కొట్టుకునే చోట పిల్లి దొరికినట్టయింది. పటం కట్టుకట్టిన వేలు పైకెత్తి ఇది ద్రోహమన్నాడు. గర్జన కూడా అంతకన్నా గట్టిగా ద్రోహమన్నాడు. ఆ పిల్ల ప్రసంగంలో ఒక్క నినాదం లేకపోగా తన గుడారాన్నే తప్పుపట్టిందని అతని బాధ. యుద్ధం మొదలయ్యాక పైవాళ్ళూ కిందివాళ్ళూ ఒకే మాట అనడం అదే మొదలు. సాయంత్రానికల్లా ఉమ్మడి ప్రకటన నా కొట్టుకే వచ్చింది. 'మైకు నిర్వాహకుని దౌర్జన్యాన్ని ఖండిస్తున్నాం.' మా బాబాయి, దౌర్జన్యం. ఆయన బొద్దింకను కూడా కాగితం మీదికి ఎక్కించి బయట దింపుతాడు.

"రేపు ఉమ్మడి ఖండన సభ" అన్నాడు పటం నా బల్ల మీదికి వంగి. "రెండు వందల కాపీలు."

"సభకి మైకెవరిది?" అన్నాను.

ఇద్దరు నాయకులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లోపలికి పాసున్న మైకు మా బాబాయిదొక్కటే. గర్జన గొంతు సవరించుకుని పక్క కొట్టు వైపు వెళ్ళాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"బాబాయ్, రేపు మీ మీద సభ ఉంది."

"తెలుసు బాబూ."

"సెట్టు కావాలి."

"ఎన్నింటికి?" అన్నాడు బాబాయి.

పిన్ని ఈ సంగతి విని ఆ రాత్రి ఏమందో నాకు తెలియదు. గుసగుస కాబట్టి గోడ దాటలేదు. కానీ తెల్లారి బాబాయి ముఖం చూస్తే బాగానే తిట్టిందని అర్థమైంది.

ఖండన సభ జరిగింది. బాబాయి అన్ని సభలకూ చేసినట్టే తీగలు లాగాడు, మైకు నిలబెట్టాడు, "హలో, హలో" అన్నాడు. పటం ఆయన్ని సామ్రాజ్యవాదుల తొత్తన్నాడు. అతనికి గొంతు బొంగురు పోయివుంటే బాబాయి మర కాస్త పెంచాడు. 'తొత్తు' స్పష్టంగా వినబడింది. గర్జన మైకును మింగబోతే బాబాయి లేచి వెళ్ళి, అతని భుజం పట్టుకుని ఒకడుగు వెనక్కి జరిపి, "ఇప్పుడు తిట్టు బాబూ, బాగుంటుంది" అని వచ్చి కూర్చున్నాడు. శబ్దం అంత బాగా కుదిరిన సభ ఆ పచ్చికలో మరొకటి జరగలేదు. హెడ్డు గుమాస్తాకు కిటికీ మూసుకున్నా ప్రతి అక్షరం అందింది.

సభ అవగానే కబురొచ్చింది. బాబాయి పాసు తీసి బల్ల మీద పెట్టాడు. హెడ్డు గుమాస్తా దాన్ని సొరుగులో వేసి, "ఇక లోపల ఎవరికీ మైకు లేదు. పైకీ లేదు, కిందికీ లేదు" అన్నాడు. ఇంటికొచ్చి బాబాయి పెట్టెకు మూత బిగించాడు. ఆ పెట్టెకు మూతుందని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాటి నుంచి ఆయన కొట్టు తెరిచి, బాకాలు తుడిచి, మళ్ళీ తుడిచి, సాయంత్రం మూసేవాడు. బోణీ లేదు. పంక్చరాయన ఊరికే పలకరించేవాడు. "గాలి కొట్టే పని నేర్చుకోండి బావగారూ. మీదీ గాలి వ్యాపారమే కదా" అనేవాడు. చెల్లి క్లాసులకు వెళుతూ కొట్టు వైపు చూసేది కాదు. మూడోరోజు కాబోలు, వెళ్ళబోయి వెనక్కి వచ్చింది.

"నా వల్లే కదా నాన్నా."

"నీ వల్ల కాదు. మర నేను తిప్పాను." చేతిలో బాకా పక్కన పెట్టి, "నువ్వేదో చెప్పాలనుకున్నానంటూ ఆగిపోయావు. ఏంటది?" అన్నాడు.

నేను కాపీ తీస్తున్న కాగితం తలకిందులుగా పెట్టాను. పాతికేళ్ళలో మైకు ముందు మాట్లాడినవాళ్ళెవరినీ ఆయన ఆ ప్రశ్న అడగడం నేనెరగను.

"ఇప్పుడెందుకులే" అంది చెల్లి.

"లోపల కదా పాసు కావాల్సింది" అన్నాడు బాబాయి, రోడ్డును ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తూ. "ఇది లోపల కాదుగా."

పెట్టె మూత ఊడింది. బాకాలు రెండూ పంక్చరు కొట్టు రేకు మీదికి ఎక్కాయి. రెండూ గేటు వైపే తిరిగాయి. మైకు మా రెండు కొట్ల మధ్య, కాలవ మీది రాతిపలక మీద నిలబడింది. క్లాసులు వదిలే వేళ చెల్లి జానెడు దూరంలో నిలబడి, మొదటి నుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి ఆ కింది దేశపు అమ్మాయి కూడా పక్కన నిలబడింది. చేతిలో ఫోను, అదే చూపు.

గేటు దగ్గర జనం పోగయ్యారు. వాళ్ళలో పటం ఉన్నాడు, గర్జన ఉన్నాడు. మైకు లేని ఈ మూడు రోజుల్లో ఇద్దరి గొంతులూ పోయాయి. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నారని హాస్టలువాళ్ళు చెప్పారు. పటం బాబాయి దగ్గరికొచ్చి బొంగురుగా, "బాబాయ్, దీని తరవాత వంతు మాదే కదా?" అన్నాడు. గర్జన సైగలతో కాదన్నాడు. బాబాయి వాళ్ళను వరసలో నిలబడమన్నాడు.

అంతలో హెడ్డు గుమాస్తా గేటు లోపల ప్రత్యక్షమయ్యాడు.

"ఏమయ్యా, పాసు లేకుండా మైకేంటి?"

"మైకు ఇవతలే ఉంది సార్" అన్నాడు బాబాయి. మెడ కుంగలేదు.

"శబ్దం లోపలికొస్తోంది."

"గేటు వేయించండి సార్."

ఆయన నిజంగానే వేయించాడు. వాచ్‌మన్ పట్టపగలు పెద్ద గేటు కిర్రుమంటూ మూసి గడియ పెట్టాడు. చెల్లి గొంతు గేటు మీంచి వెళ్ళింది. హెడ్డు గుమాస్తా ఊచల వెనక నిలబడి కాసేపు విన్నాడు. వినక తప్పలేదు. తరవాత చిన్న తలుపు తీయించుకుని రోడ్డు దాటి వచ్చి, జేబులోంచి అట్టముక్క తీశాడు.

"ఇదిగో పాసు. సెట్టు లోపలికి తెచ్చుకో. లోపలుంటే ఏదో ఒక అదుపుంటుంది. ఇక్కడ నేనేం చెయ్యను?"

బాబాయి పాసు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో పెట్టుకున్నాడు.

"తెస్తాను సార్. ముందు అమ్మాయిని పూర్తి చెయ్యనివ్వండి."

"ఎంతసేపు?"

"నాకు తెలీదు సార్. నేనూ ఇప్పుడే వింటున్నాను."

పంక్చరాయన రెండు టైర్లు ఒకదాని మీద ఒకటి వేసి గుడ్డతో తుడిచాడు. హెడ్డు గుమాస్తా అటూ ఇటూ చూసి, వాటి మీద కూర్చున్నాడు.